జెరాక్సు అడిగిన మావ

రాజాం ఆటోస్టాండులో మా మేనమావ కోతలకు హద్దుండేది కాదు. ఆయన పట్టిన చేప చెప్పినప్పుడల్లా మూరెడు పెరిగేది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పాసైన రోజు పరుగున వెళ్లి ఆయనకే ముందు చెప్పాను. తన కోతల్లో నన్ను కలెక్టరును చేసేస్తాడనుకున్నాను.

"మా కోడలు డిగ్రీ పాసైపోనాది," అన్నాడంతే, తోటి డ్రైవర్లతో.

"మల్లీ మొదలెట్టీసినాడ్రా!" అని వాళ్లు పగలబడి నవ్వారు.

మావ మొహం ఎర్రబడింది. "ఒసే, ఆ మార్కుల కాగితం జెరాక్సు తీసి అట్టుకురా," అన్నాడు. దాన్ని లామినేషన్ చేయించి ఆటోలో వేలాడదీశాడు.

చేపను చూసినవాళ్లెవరూ లేరు. దానికెంత నవ్వినా ఆయన కూడా నవ్వేవాడు. నా డిగ్రీకి మాత్రం ఎందుకంత ఉడుక్కున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇవాళ బీఈడీ సీటొచ్చింది. ఈసారి సీటు కాగితం ముందే జెరాక్సు తీయించుకుని స్టాండుకు వెళ్తున్నాను.