శిరీష మొదటి ఆప్షన్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూలైలో, మా విశ్వవిద్యాలయం అడ్మిషన్ల కోసం అనంతపురంలో తెరిచిన సహాయ కేంద్రానికి ఎప్పటిలాగే నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. హోదాకు సూపరింటెండెంటును. పని మాత్రం సర్టిఫికెట్లు సరిచూడడం, పిల్లలు ఎంచుకున్న కళాశాలలను కంప్యూటర్లో వరుసగా ఎక్కించి లాక్ చేయడం. వ్యవసాయం, పశువైద్యం, ఉద్యానం, గృహవిజ్ఞానం, మా దగ్గర ఒక్కోదానికి ఒక్కో కళాశాల. ఏది ముందు రాయాలో మేం చెప్పకూడదని రూలు. నాకు ఆ రూలంటే మహా ఇష్టం. క్యూ చకచకా కదిలేది.

చివరి రోజు మధ్యాహ్నం ముదిగుబ్బ వైపు నుంచి ఓబులేసు అనే గొర్రెల కాపరి తన కూతురు శిరీషను తీసుకొచ్చాడు. వాళ్లు కాగితం మీద రాసుకొచ్చిన వరుసే ఎక్కించాను: గృహవిజ్ఞానం, ఉద్యానం, వ్యవసాయం, నాలుగోది పశువైద్యం. లాక్ చేయాలంటే తండ్రి ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. అది వచ్చేలోపు ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఓబులేసు రెండు మాటలు విని కూతురి చేతికిచ్చాడు.

"ఎడం పక్కేనా ఉబ్బిండేది? పండుకోనియ్యొద్దు మా, నిలబెట్టు. చెనిక్కాయ నూనె తాపు, మెల్లగా. తల మరీ పైకెత్తొద్దు, పొలమారతాది," అంది శిరీష.

గొర్రెకు కడుపుబ్బితే వేరుశెనగ నూనె తాగిస్తారని నాకప్పటిదాకా తెలియదు. కానీ ఆ గొంతులో కంగారు లేదు, తడబాటు లేదు. ముచ్చటేసింది. తెర మీద చూస్తే పశువైద్యం అట్టడుగున ఉంది. ఎందుకమ్మా అలా రాశావని అడిగాను. తండ్రే చెప్పాడు.

"పెద్దరైతు చేన్లో మంద నిలపాలని మాకూ ఉంటాది మేడం. ముందు ఆయప్పను అడిగి, ఆయప్ప వద్దనేలోగా చిన్నరైతు ఇంగో మందను పిలుచుకుంటాడు. రెండూ పాయె. అందుకే కచ్చితంగా ఒప్పుకునేవాళ్లనే ముందడుగుతాం."

చేనుకు ఎరువు పడుతుందని రైతులు డబ్బులిచ్చి గొర్రెల మందలను పిలిపించుకుంటారు. ఆ పనిలో ఆయన పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనదే. మా కంప్యూటర్ పద్ధతి వేరు. ర్యాంకు ప్రకారం అభ్యర్థి వంతు రాగానే మొదటి ఆప్షన్ చూస్తుంది. సీటుంటే ఇచ్చేసి అక్కడే ఆగిపోతుంది, లేకపోతేనే రెండోదానికి దిగుతుంది. ఆ అభ్యర్థి వరుసంతా చూసేదాకా వెనక ర్యాంకువాళ్లను పిలవదు. కాబట్టి పెద్దది ముందడిగినంత మాత్రాన చిన్నది చేజారదు. ఇదంతా రెండుసార్లు చెప్పాను.

"అంటే మేం పోయి అడిగొచ్చేదాకా చిన్నరైతు కాచుకోనుంటాడా?"

ఉంటాడన్నాను.

ఓబులేసు కూతురి వైపు తిరిగాడు. "మరి నీకేది కావల్ల పాపా?"

ఆ ప్రశ్న అంతవరకూ ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు. శిరీష తెర మీద నాలుగో వరుసను వేలితో చూపించింది. పశువైద్యాన్ని పైకి తెచ్చి, ఓటీపీ అడిగి, లాక్ చేశాను.

మొదటి విడత జాబితాలో ఆమెకు పశువైద్యంలోనే సీటొచ్చింది. గృహవిజ్ఞానంలో ఇంకా సీట్లు మిగిలే ఉన్నాయి. పాత వరుసే ఉంచి ఉంటే ఆమెకు అదే ఖాయమయ్యేది.

ఆ సంతోషంలోనే అంతకు ముందటి ఏళ్లలో నేను లాక్ చేసిన జాబితాలు తీసి చూశాను. మంచి ర్యాంకు, మొదటి ఆప్షనేమో అందరికీ తేలిగ్గా దొరికేది. అలాంటివి ఒకటి కాదు, రెండు కాదు. రూలు సలహా ఇవ్వొద్దంది గానీ పద్ధతి వివరించొద్దని ఎక్కడా అనలేదు. మిగిలిన రెండేళ్లూ ఓటీపీ అడిగే ముందు ప్రతి ఒక్కరినీ అడిగాను, ఇదే ముందెందుకు రాశావని. క్యూ నెమ్మదించింది. నెమ్మదించనిచ్చాను.