ఓక్‌గుమ్ మూసిన కిటికీ

ఇంచియాన్ రేవు వెనక చేపలు కాల్చి అమ్మే సందులో ఓక్‌గుమ్‌ను ఎరగనివాళ్ళు లేరు. చేయి మంచిది, నోరు మాత్రం కాదు. ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. తెల్లవారి రేవు నుంచి వచ్చిన ప్రతి చేపకూ మొప్ప ఎత్తి చూసిగానీ బుట్టలో వేయనివ్వదు. అంత అనుమానం ఊరికే రాలేదు లెండి. మేడ మీద అద్దెకున్న పిల్లతల్లి ఒకావిడ, చలికాలంలో గది గాలికి తేమ పట్టించే ఆవిరి యంత్రంలో ఫలానా మందు పోస్తే క్రిములు చస్తాయని టీవీలో విని పోసింది. పసిపిల్లలకు కూడా ఏమీ కాదని తెల్లకోటు వేసుకున్నాయన చెప్పాడు. ఆ ఇంటి పసివాడు ఊపిరాడక పోయిన ఎన్నో ఏళ్ళకు, అది విషమని ఇంకో తెల్లకోటాయన చెప్పాడు. అప్పటినుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు, ఓక్‌గుమ్‌కు ఒళ్ళు మండేది.

భర్త చిన్నవయసులోనే పోయాడు. ఆయన చెల్లెలు మాల్‌సున్ కాపురం చెడి వచ్చి వదిన దగ్గరే ఉండిపోయింది. బయట బల్లల దగ్గర ఓక్‌గుమ్, లోపల బొగ్గుల పొయ్యి దగ్గర మాల్‌సున్. పక్కన చిన్న రేడియో పెట్టుకుని, పొద్దస్తమానం ఉప్పు చల్లిన కానాగంత చేపల్ని తిరగేస్తూ ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి. వదిన అరిస్తే నవ్వేది, ఇంకా అరిస్తే చేపను ఇంకో పక్కకు తిప్పేది.

ఆ వసంతంలో ఒక మధ్యాహ్నం, కొట్టు నిండా జనం ఉండగా టీవీలో ఒక వార్త వచ్చింది. ఇంట్లో చేసుకునే వంటలన్నిటిలోకీ కానాగంత కాల్చినప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నదుమ్ము ఎక్కువ రేగుతోందట, పరిశోధనలో తేలిందట. తింటున్నవాళ్ళు చేపను ఒకసారి, ఒకరి మొహం ఒకరు ఒకసారి చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఓక్‌గుమ్ విసవిసా వెళ్ళి వార్త సగంలో ఉండగానే టీవీ కట్టేసింది. వంటింట్లో రేడియో మాత్రం సన్నగా మోగుతూనే ఉంది.

ఇక చూడండి, వారం తిరక్కుండానే సందు బోసిపోయింది. పిల్లల తల్లులు ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టు ముందు నుంచి పరుగులాంటి నడకతో పోయేవాళ్ళు. కుర్రకారు ఆగి, పొగలో నిలబడి ఫొటోలు దిగి, ఇదే చివరి ఫొటో అని వేళాకోళమాడేవాళ్ళు. ఏటా వసంతంలో సముద్రం అవతలి నుంచి పసుపు దుమ్ము వచ్చి పడుతుంది, ఒడ్డు వెంట కరెంటు తయారుచేసే కేంద్రాల గొట్టాలు పగలూ రాత్రీ పొగ కక్కుతాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు.

"ఆ గొట్టాల జోలికి పోయే దమ్ము లేదు వీళ్ళకి. అవతలి దేశమోళ్ళని అడిగే నోరు లేదు. తిరిగి మాట్లాడలేని చేప దొరికింది" అంది ఓక్‌గుమ్.

పక్కకొట్టు ముసలాయన మ్యోంగ్‌దాల్ దానికి ఇంకాస్త ఉప్పూ కారం చల్లాడు. సందు వెనక కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లవాళ్ళకు ఈ వాసన గిట్టడం లేదట, సందు ఖాళీ అయితే ఆ స్థలం వాళ్ళదేనట, పరిశోధన చేయించింది కూడా వాళ్ళేనని తన అనుమానమట. అనుమానమని ఆయన అన్నాడు గానీ, ఓక్‌గుమ్ దాన్ని రుజువు కింద తీసుకుంది.

దానికి తగ్గట్టే అపార్ట్‌మెంట్లవాళ్ళు బాల్కనీల్లోంచి కొట్టు వెనక గొట్టం మీద ఫోన్లు గురిపెట్టడం మొదలుపెట్టారు. గొట్టంలోంచి వచ్చే ప్రతి పొగా ఆ ఫోన్లలో ఎక్కడెక్కడికో వెళ్ళి ఎవరెవరి చేతో తిట్టించుకునేది. ఓక్‌గుమ్ ఒక రాత్రంతా ఆలోచించింది. పొగే కనిపించకపోతే ఏం తీస్తారు? పొద్దున్నే పొగ లాగే ఫ్యాను ఆపేసింది. చలికాలంలో అందరూ కిటికీలకు అంటించే ప్లాస్టిక్ షీటు తీసి వంటింటి వెనక కిటికీకి నాలుగు వైపులా గట్టిగా అంటించింది. మాల్‌సున్ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. వదిన మొహం చూసి మూసుకుంది.

ఆ రోజు నుంచి గొట్టంలోంచి నూలుపోగంత పొగ కూడా రాలేదు. అదంతా లోపలే తిరిగి, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి చుట్టూ పేరుకునేది. ఓక్‌గుమ్‌కు ఆ సంగతి తెలియదని కాదు. దానికి మందు కూడా ఆమె దగ్గరుంది. దుమ్ము మింగినవాళ్ళు పంది పొట్ట మాంసం తింటే ఆ కొవ్వు గొంతును కడిగేస్తుందని గనుల్లో పనిచేసిన వాళ్ళ నాన్న చెప్పేవాడు. అది దేశమంతా చెప్పుకునే మాటే. అందుకని కొట్టు కట్టేశాక అదే పొయ్యి మీద, అదే మూసిన కిటికీ వెనక, ఆ మాంసం కాల్చి మరదలికి కొసరి కొసరి వడ్డించేది. మంచి ముక్కలన్నీ ఆమె గిన్నెలోనే వేసేది. ప్రేమ లేదని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి.

ఎండాకాలం మొదట్లో ఒక అమ్మాయి చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. కొట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి, పిన్నిగారూ అని మెత్తగా పలకరించింది. తను పరిశోధన చేసే మనిషినని, ఈ పెట్టెను పొయ్యి పక్కన ఒక్కరోజు ఉంచితే గాలి ఎలా ఉందో తెలుస్తుందని, పొయ్యి దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు ఊపిరితిత్తుల ఫొటో ఉచితంగా తీస్తున్నామని చెప్పింది. ఉచితం అన్న మాట దగ్గరే ఓక్‌గుమ్‌కు అంతా అర్థమైపోయింది. ఆ పిల్ల గడప దాటగానే, చేపల మీద చల్లే రాళ్ళుప్పు గుప్పెడు తీసి ఆమె వెనకాలే విసిరింది. ఆ దరిద్రం మళ్ళీ గడప తొక్కకూడదని. రెండు రాళ్ళు ఆ పిల్ల మెడకు తగిలాయి. ఆమె వెనక్కి తిరిగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

అప్పటికే మాల్‌సున్‌కు పొడిదగ్గు పట్టుకుంది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ, ఆ ఫొటో ఏదో తీయించుకుంటే పోలా అని గొణిగింది.

"నీ రొమ్ములో ఒక్క చుక్క కనిపిస్తే చాలు, రేపు టీవీలో మన సందు పేరు చెప్పి చూపిస్తారు. అప్పుడు మ్యోంగ్‌దాల్ పిల్లలు ఏం తింటారే? మనమేం తింటాం?" అంది వదిన.

మాల్‌సున్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆకులు పండే వేళకు గాలి తిరిగింది. కానాగంతను ఆడిపోసుకోవడం తప్పని, తమ మాటను జనం వేరేగా అర్థం చేసుకున్నారని సర్కారు పెద్దలు టీవీలో నసిగారు. చేపలవాళ్ళకు క్షమాపణ కూడా చెప్పారు. మర్నాటి నుంచి బల్లలు నిండాయి. ముక్కు మూసుకుని పోయిన తల్లులే పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, ఆ వార్త మేమప్పుడే నమ్మలేదు పిన్నీ అన్నారు. ఓక్‌గుమ్ సందుకంతా సోజు సారా పోయించింది. తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానని ప్రతి బల్ల దగ్గరా చెప్పింది. గెలిచింది మరి, చెప్పుకోదూ?

ఆ రాత్రి మాల్‌సున్ మాంసం ముక్క నోట్లో పెట్టుకుని మింగలేకపోయింది. దగ్గు ఆగక గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. తుడుచుకున్న గుడ్డ మీద ఎర్రగా కనిపించింది.

పెద్దాసుపత్రిలో తెల్లకోటాయన ఫొటో చూపించాడు. కుడివైపు మచ్చ ఉందని, ముక్క తీసి పరీక్షించాలని చెప్పాడు. మీరు వండే చోట కిటికీ లేదా అని అడిగాడు. ఓక్‌గుమ్ మరదలి రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"వీడి మాట నమ్మకు. వీడూ వాళ్ళ మనిషే. ఇంకో ఆసుపత్రికి పోదాం పద."

మాల్‌సున్ కదలకుండా బల్ల మీద కూర్చుంది.

"ఆ రోజు నువ్వు టీవీ కట్టేశావు గానీ వదినా, నా రేడియోలో ఆ వార్త చివరిదాకా వచ్చింది. చేపలు తినొద్దని వాళ్ళు అన్లేదు. కాల్చేటప్పుడు కిటికీ తెరుచుకోండి, ఫ్యాను వేసుకోండి అన్నారు. అంతే."

ఓక్‌గుమ్ పట్టుకున్న రెక్క వదిలేసింది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నన్ను కూడా వాళ్ళ మనిషే అనుకుంటావని."