పటమటలో గరిక నాట్లు

మా ఆయనకు పాములంటే భయం. ఆ భయం వల్లనే మేము గరిక నాట్లు వేయవలసి వచ్చింది. డెబ్బైల మొదట్లో బెజవాడలో పటమట చివర, ఇళ్ళు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట, చౌకగా వస్తోందని పెద్ద స్థలం కొన్నాం. ఇల్లు ఒక మూల సరిపోయింది. మిగిలిందంతా తుమ్మకంప, జిల్లేళ్ళు, నాగజెముడు. గృహప్రవేశం నాడు ఒక జెర్రిపోతు కనిపించేసరికి ఈయన మనుషుల్ని పెట్టి, గడ్డిపరక మిగలకుండా మొత్తం కొట్టించేశారు. జెర్రిపోతు ఏమీ చెయ్యదని మావయ్యగారు చెబుతూనే ఉన్నారు. వినేవాళ్ళెవరు? గుండు కొట్టించిన తలలా ఉన్న ఆ నేలను చూసుకుని ఈయన వరండాలో నిలబడి మురిసిపోయారు.

ఆ మురిపెం ఎండలు ముదిరేదాకానే. మాది నల్లరేగడి. వానకు చెప్పులు పట్టుకుని వదలదు, ఎండకు పిండి అయి లేస్తుంది. గాలి వీచిందంటే ఆ పిండి అంతా మా ఇంట్లోనే. అన్నంలో దుమ్ము, పాలలో దుమ్ము, ఇస్త్రీ చొక్కాల మడతల్లో దుమ్ము. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నేను రోజుకు ఒక్కసారన్నా అనేదాన్ని. నాకు ముక్కు మీద కోపం. చీపురు చేతిలో ఉన్నప్పుడు మరీను.

అయినా చీపురుతో పోయే బాధ అయితే నేనే పడేదాన్ని. అసలు బాధ అత్తయ్యగారిది. ఆవిడకు ఉబ్బసం. కంకిపాడు దగ్గర పల్లెలో నూర్పిళ్ళ రోజుల్లో ఊకదుమ్ముకు ఊపిరాడక అల్లాడిపోతోందని, మావయ్యగారు పొలం మా బావగారికి అప్పజెప్పి, ఆవిడను తీసుకుని మా దగ్గరికి వచ్చేశారు. పట్నంలో దుమ్ముండదని వాళ్ళ నమ్మకం. తీరా వచ్చాక తలుపులూ కిటికీలూ బిగించుకుని, బెజవాడ ఎండాకాలంలో, ఫ్యాను తిప్పే వేడిగాలిలో దిళ్ళకు ఆనుకుని కూర్చోవడమే ఆవిడ పని అయింది. రెండు మాటలు మాట్లాడి మూడో మాటకు ఆగేది.

పుట్టి బుద్ధెరిగాక ఎండాకాలంలో ఇంటి లోపల పడుకోని మనిషి. వాకిట్లో నులకమంచం, పైన ఆకాశం, అదీ ఆవిడకు నిద్రంటే. ఏ సాయంత్రమూ ఇది కావాలని అడగలేదు. “గాలి ఎటు నుంచి అమ్మాయ్?” అని మాత్రం అడిగేది. పొలం వైపు నుంచి అంటే ముఖం వికసించేది, మా స్థలం వైపు నుంచి అంటే మళ్ళీ దిండుకు ఆనుకునేది. అత్తయ్యగారంటే నాకు ప్రాణం. కోడలు ఇలా అంటే ఎవరూ నమ్మరు గనుక ఆ రోజుల్లో ఎవరికీ చెప్పలేదు.

డాక్టరుగారు చూసి, మందుల కన్నా ముందు ఆ నేలంతా గడ్డి పెంచమన్నారు. పొట్టిగా ఉంచాలి, పువ్వు రానివ్వకూడదు. అది చేతకాకపోతే ఆవిణ్ణి దుమ్ములేని ఊరికి పంపించెయ్యమన్నారు. ఆ ఊరేదో ఆయనా చెప్పలేదు. వచ్చే ఎండాకాలానికి అత్తయ్యగారి మంచం బయట వెయ్యాలని ఆ రోజే ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

ఈయన లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. లాన్ వేయడం ఎలాగో బొమ్మలతో సహా ఉంది. మంచు పడితే ఏం చెయ్యాలో రెండు పేజీలు రాశారు. బెజవాడలో మే నెల వస్తే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. నర్సరీ అతను వచ్చి, స్థలం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, పరిచే గడ్డికి ఎంతవుతుందో చెప్పాడు. అందులో సగానికి ఇంకో గది వేసుకోవచ్చని ఈయన అతన్ని మర్యాదగా సాగనంపారు. అప్పటిదాకా పొగాకు చుట్ట వెలిగించుకుని వింటున్న మావయ్యగారు, కాలువ గట్టు మీద గరిక ఊరికే దొరుకుతుంటే ఈ గొడవంతా ఎందుకని అడిగారు. దుక్కి, దమ్ము, నాట్లు. తనకు తెలిసిన సేద్యం అదేనట.

నవ్వుకున్నాం గానీ, వేరే దారి లేదు. కాలువలకు నీళ్ళు వదిలాక పల్లె నుంచి ఎడ్లబండి మీద నాగలి వచ్చింది. పటమటలో ఇళ్ళ మధ్య దుక్కి సాగుతుంటే చుట్టుపక్కల వాళ్ళు గోడల మీద నుంచి చూశారు. పశువులపేడ ఎరువు చల్లి, నీళ్ళు పెట్టి, దమ్ము చేసి, బల్ల తోలి అద్దంలా చదును చేశారు మావయ్యగారు. తర్వాత పల్లె నుంచి నాట్లు వేసే ఆడవాళ్ళు దిగారు. గరికను జానెడు ముక్కలుగా తుంచి వాళ్ళ ముందు పోశారు. వాళ్ళు దాన్ని చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఇక నవ్వులే నవ్వులు.

“అయ్యగారూ, పీకటానికి పిలిచారనుకున్నామండీ, నాటటానికంట,” అంది వాళ్ళలో పెద్దావిడ. “సరేనండీ, ఈ పంట కోతకొస్తే మాత్రం మమ్మల్నే పిలవాలి.”

నాట్లప్పుడు గట్టున వచ్చిన పెద్దమనిషి కాళ్ళ ముందు నారుకట్ట పెట్టి మామూలు అడగడం మా వైపు ఆనవాయితీ. ఆఫీసు నుంచి ఈయన సైకిలు దిగీ దిగగానే కాళ్ళ ముందు గరిక కట్ట పడింది. నలుగురూ చుట్టూ చేరి పాట అందుకున్నారు. ఈయన జేబులు తడుముకుంటుంటే, కిటికీ అద్దం వెనక నుంచి అత్తయ్యగారు చూస్తూ ఏదో సైగ చేసింది. ఇంకా ఇవ్వమని ఆ సైగకు అర్థం. వాళ్ళంతా ఆవిడ వైపు మనుషులే మరి.

గరిక అంటుకుంది. అంటుకోక ఏం చేస్తుంది, రైతులు తరతరాలుగా చంపుతున్నా చావని జాతి. దానితోపాటు ఎరువులో కలిసి వచ్చిన వరిగింజలు కూడా మొలిచాయి. పచ్చటి గరికలో అక్కడక్కడ వరి దుబ్బులు. పీకెయ్యమంటే మావయ్యగారు వినలేదు. అన్నం పెట్టే మొక్కను పీకే చెయ్యి తనకు లేదన్నారు. పైగా ఎవరూ చూడనప్పుడు ఆ దుబ్బులకు చెంబుతో నీళ్ళు పోసేవారు. డాక్టరుగారు పువ్వు రాకూడదన్నారు, ఇవి రేపో మాపో పొట్టకొచ్చేలా ఉన్నాయి. నాకు మళ్ళీ కోపం రావడం మొదలైంది.

ఇంతలో ఇంకో వింత. తెల్లవారేసరికి గరికలో నున్నగా బోడి చారలు కనిపించసాగాయి. ఒకరోజు పెరటి వైపు, మరునాడు గేటు వైపు. పాలావిడ గేదె మీద అనుమానపడ్డాం. వినాయక చవితి దగ్గరపడింది గదా, పత్రి కోసం ఎవరన్నా కోసుకుపోతున్నారేమో అనుకున్నాం. కానీ కోసింది కాదు, వేళ్ళతో సహా పెకలించింది. ఈయన పుస్తకం తిరగేసి ఏదో పురుగు పేరు చెప్పారు. మావయ్యగారు గేటుకు తాళం వేశారు. అయినా బోడి చారలు ఆగలేదు.

ఒకరోజు పాలు పోయించుకుందామని తెల్లవారుజామున లేచి వచ్చాను. అత్తయ్యగారు చీర ఎగదోపి, గొంతుక్కూర్చుని, సాలు పట్టి ముందుకు జరుగుతోంది. రెండు చేతులా గరిక పీకుతోంది. పీకింది మళ్ళీ అంటుకోకుండా వేళ్ళు పైకి తిరగేసి కుప్ప వేస్తోంది. కంచే చేను మేయడమంటే ఇదే గదా అనుకున్నాను.

“అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారండీ?”

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. నిజంగా ఆశ్చర్యపోయింది. “ఏంటోనమ్మాయ్. మంచులో దుమ్ము లెగవదు గదా, నాలుగడుగులు నడుద్దామని వచ్చా. ఇది కంటబడింది. చెయ్యి ఊరుకోలా.”

నా వెనకే మావయ్యగారు వచ్చారు. ఆయనకు కోపం రావడం నేను చూడటం అదే మొదలు. తువ్వాలు విసిరి భుజాన వేసుకున్నారు.

“ఊరంతా నవ్వింది. గరిక నాటే రైతన్నారు. ఊరుకున్నా. నీ ఊపిరి కోసం గదంటే నేనిది నాటింది?”

ఇంత మాట ఆయన నోట పెళ్ళయిన దగ్గర నుంచీ విని ఉండదావిడ. తల వంచుకుని కొంగు దులుపుకుంది. నేను అక్కడి నుంచి వెళ్ళిపోదామనుకునేంతలో అత్తయ్యగారు లేచి నిలబడి, ఆ వరి దుబ్బుల వైపు చెయ్యి చూపించింది.

“మరి నీ వరేంటి? నువ్వది పీకు. నేను దీన్ని వదుల్తా.”

బేరం న్యాయంగానే ఉంది. మావయ్యగారు చాలాసేపు చుట్ట నమిలారు. అప్పటికే కొన్ని దుబ్బులు పొట్టకొచ్చాయి. పొట్టమీదున్న వరిని పీకడమంటే ఆయనకు ఎంత కష్టమో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. చివరకు ఒక్కొక్క దుబ్బూ పీకి పాలావిడ గేదెకు వేసి వచ్చారు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. అత్తయ్యగారు కొసరి కొసరి వడ్డించింది.

ఆ తర్వాత మా లాన్‌కు పెద్ద ఖర్చేమీ కాలేదు. మావయ్యగారు కొడవలితో పొట్టిగా కోసేవారు, కోసిన గడ్డి పాలావిడ పట్టుకుపోయేది. తుంగ మొలిస్తే పీకే హక్కు అత్తయ్యగారికి ఇచ్చాం. ఆవిడ చేతికి కూడా కాస్త పని ఉండాలి గదా. మరుసటి వేసవికి గరిక నేలనంతా కప్పేసింది. గాలి వీచినా దుమ్ము లేవడం లేదు. ఒక సాయంత్రం నులకమంచం బయట వేశాం. ఆవిడ పడుకుని, కిటికీలు తెరుచుకోమని మాకే చెప్పింది.

వారం తిరిగేసరికి మంచానికి రెండు పక్కలా నేల బోడి అయింది. సరిగ్గా ఆవిడ చెయ్యి అందినంత మేర. మేలుకుని ఉన్నంతసేపూ ఇచ్చిన మాట మీద నిలబడేది, నిద్రపట్టాక చేతికి ఆ మాట తెలియదు. ఈయన లైబ్రరీకి వెళ్ళబోయారు గానీ నేను ఆపాను. మావయ్యగారు మర్నాటి నుంచి సాయంత్రం కాగానే మంచాన్ని కాస్త జరిపి, ఇంకో చోట వేయడం మొదలుపెట్టారు. మొదటి చోట గరిక మళ్ళీ అల్లుకునేదాకా అటు తీసుకెళ్ళేవారు కాదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మంచం మీద నుంచి ఆవిడ అడిగింది. “ఏంటయ్యా, నన్ను రోజుకో చోట కట్టేస్తన్నావు? నేనేమన్నా గేదెనా?”

“గేదయితే తింటది,” అన్నారాయన. “నువ్వు పీకి పారేస్తన్నావు.”

అత్తయ్యగారు నవ్వడం మొదలుపెట్టింది. మావయ్యగారు చుట్ట ఆర్పేశారు. నేను అలవాటుగా మందు కోసం లోపలికి రెండడుగులు వేసి ఆగాను. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా నవ్వింది. దగ్గు రాలేదు.