బీడీ కొట్టంలో పేపరు చదివిన అలావుద్దీన్

పుంగనూరు సీమకు లోకం సంగతులు ఎవరి నోటి మీదుగా వచ్చాయని అడిగితే, ఆ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పే పేరు అలావుద్దీన్. జపాను మీద పడిన బాంబు గురించి ఆ ఊళ్లో మొదట చదివి వినిపించింది ఆయనే. కుళ్లిన పుండును మాన్పే మందు ఒకటి బూజులోంచి పుట్టిందనీ, దాని పేరు పెన్సిలిన్ అనీ మొదట చెప్పిందీ ఆయనే. యుద్ధం ముగిసిందన్న కబురు కచేరీ గుమాస్తాల కన్నా ముందు బీడీలు చుట్టేవాళ్లకు తెలిసిందంటే అది ఆయన చలవే. ఇంత చేసిన మనిషి చదువుకున్నది వాల్మీకిపురం పక్కన ఒక పల్లె బడిలో, అదీ అయిదో తరగతి వరకు.

గంగప్ప షావుకారు బీడీ కొట్టం బజారు వెనక పొడుగ్గా ఉండేది. ఆడా మగా వరసలుగా కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. అలావుద్దీనూ వాళ్లలో ఒకడు. మద్రాసులో అచ్చయిన తెలుగు పేపరు మదనపల్లె మీదుగా, బొగ్గుతో నడిచే బస్సులో మరునాటి సాయంత్రానికి పుంగనూరు చేరేది. ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోయి అంతా ఒకసారి చదివి, ఏ వార్త ఏ వేళకు పనికొస్తుందో మనసులో విడదీసి పెట్టుకునేవాడు. తెల్లవారి కొట్టంలో గోడకు చేరగిలి గొంతెత్తి చదివేవాడు. ఆయన చదివినంతసేపూ ఆయన చేటలో ఆకు పక్కవాళ్లు చుట్టిపెట్టేవాళ్లు. అది అక్కడి కట్టుబాటు.

చదువుకు కూడా ఒక వరస ఉండేది. పొద్దున్నే ఆకు కత్తిరించేటప్పుడు వింతలు. కత్తెరల చప్పుడులో ఒక మాట జారిపోయినా నష్టం లేదు. నవ్వుకోవచ్చు, నమ్మకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఎండెక్కాక, పొగాకు పొడి నింపి బీడీ చుట్టేటప్పుడు శాస్త్రం. కొట్టమంతా సద్దుమణిగి ఉండే వేళ కాబట్టి అర్థం కానివాడు ఆపి అడగవచ్చు. మధ్యాహ్నం సంగటి తిన్నాక, కట్టలు కట్టేటప్పుడు రాజకీయం. అది కళ్లు మూతలు పడే సమయం. కాసేపు తగవులాడుకుంటే నిద్ర దగ్గరికి రాదు, చేతుల పాటికి చేతులు దారం చుడుతూనే ఉంటాయి. ఈ వరస పెట్టింది అలావుద్దీనే. మదనపల్లెలో కూడా ఏ కొట్టంలోనూ ఇలాంటి ఏర్పాటు లేదని ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు.

పంతొమ్మిది వందల నలభై ఆరు మొదట్లో ఒక పొద్దున, కత్తెరలు ఆడుతుండగా, ఆయన రెండు తలల దూడ వార్త వెనకే ఇంకొకటి చదివాడు.

"అమెరికాలో చందమామ మీదికి రేడియో అలను పంపించినారంట. అది పోయి తగులుకోని మళ్లీ తిరిగొచ్చిందంట."

"తిరిగొచ్చి ఏం సెప్పింది బేటా?" అన్నాడు గఫూర్. కొట్టంలో అందరికన్నా పెద్దవాడు, దేన్నీ ఒక పట్టాన నమ్మనివాడు. "ఆడ పొగాకు ధర ఎట్లుండాదంట?"

"నా మొగుడు మదనపల్లె సంతకు పోతేనే సొక్కా పారేసుకోని వస్తాడు. ఆ అల ఏమీ పారేసుకోకుండా వచ్చిందా అన్నా?" అంది ఎదురు వరసలోంచి చిన్నక్క.

కత్తెరలు ఆగిపోయేంతగా నవ్వారు. అలావుద్దీనూ నవ్వాడు. కానీ సాయంత్రం ఇంట్లో ఆ వార్త మళ్లీ తీసి చూస్తే నవ్వు రాలేదు. ఏ యంత్రంతో పంపారో, ఎంతసేపటికి తిరిగి వచ్చిందో, దానివల్ల ముందుముందు ఏం తెలుసుకోవచ్చో అన్నీ రాసి ఉన్నాయి. అది దూడ పక్కన కూర్చోబెట్టదగిన వార్త కాదు. మరునాడు ఎండెక్కాక ఆయన గొంతు సవరించుకుని చెప్పాడు.

"నిన్నటి చందమామ సంగతి నేను వరస తప్పి సదివినాను. అది వింత కాదు, శాస్త్రం."

"అంటే నమ్మాల్నా?" అన్నాడు గఫూర్.

"నమ్మాల్సిందే చాచా. అనుమానముంటే అడుగు."

గఫూర్ చుట్టిన బీడీని చేటలో పెట్టేసి తల అడ్డంగా ఊపాడు. "ఇంటికి పోయి మీ చాచీకి నవ్వతా సెప్పినా. ఆమె బాయికాడ అందరికీ సెప్పి నవ్వింది. ఇప్పుడు ఇంటింటికీ పోయి, నవ్వొద్దండమ్మా నిజమేనంట అని సెప్పల్నా? ఎవురు ఇంటారు?"

ఆ మాట అలావుద్దీన్ మనసులో ముల్లులా దిగబడింది.

తర్వాతి నెలలో బొంబాయి ఓడరేవులో నావికులు పని మానేసి ఓడల మీద జెండాలు మార్చారన్న వార్త వచ్చింది. దాని వెంటే రేషను బియ్యం తగ్గిస్తారన్న వార్త. మధ్యాహ్నాల్లో కొట్టం హోరెత్తింది. ఒక పొద్దున గంగప్ప షావుకారు కండువాతో చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. పండగకు పనివాళ్లకు గుడ్డలు పెట్టేవాడు. ఖాకీ బట్టలు చూస్తే మాత్రం ఆయనకు నోట మాట వచ్చేది కాదు.

"అలావుద్దీనూ, వింతలు సదువు, శాస్త్రం సదువు, నాకేం అడ్డం లేదు. ఆ మూడోది మాత్రం వద్దప్పా. నిన్న పోలీసాయన అరుగు మీద కూర్చోని, మీ కొట్టంలో సభలు జరగతాండాయంటనే అని అడిగిపోయినాడు."

"సభ కాదు షావుకారూ, పేపరు. బజార్లో ఎవురైనా కొనుక్కునేదే."

"కొనుక్కోని ఇంట్లో సదువుకో. నా కొట్టంలో వద్దు."

ఆయన అటు పోగానే చిన్నక్క ఉపాయం చెప్పింది. "దీనికి ఇంత ఆలోచన యాల అన్నా? వింతల్లో కలిపెయ్యి. ముందు రెండు తలల దూడ, దాని వెనక బొంబాయి ఓడలు, దాని వెనక గుడ్డులో గుడ్డు. కత్తెర్ల సప్పుట్లో షావుకారికి ఏం తెలస్తాది?"

భలే ఉపాయమన్నారందరూ. గఫూర్ కూడా తల ఊపాడు. అలావుద్దీన్ మాత్రం పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"చందమామను సూసినారు గదా చిన్నక్కా. మీ నోటికాడి బియ్యం తగ్గిస్తారన్న మాట దూడ పక్కన సదివితే దానికీ నవ్వుతారు. ఒకసారి నవ్వినాక మళ్లీ నమ్మించేది నావల్ల కాదు. సదివితే మూడూ సదువుతా. లేకుంటే ఒకటీ వద్దు."

అన్నంత పనీ చేశాడు. మరునాటి నుంచి అందరితోపాటు చేట ముందు పెట్టుకుని నోరు మూసుకుని బీడీలు చుట్టాడు. కొట్టంలో కత్తెరల చప్పుడు తప్ప మరొకటి లేదు. పనివాళ్ల ముఖాలు చూసి, షావుకారు ఇంట్లోంచి గ్రామఫోను తెప్పించి పెట్టించాడు. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నం సంగటి తిన్నాక పాట మొదలయ్యేసరికి గఫూర్ చేట మీదికి ఒరిగిపోయాడు. ఆయన్ను చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. సాయంత్రానికి కట్టని బీడీలు కుప్పలుగా మిగిలాయి.

"జోలపాట పెట్టించి పని సేయమంటే ఎట్ల సామీ?" అంది చిన్నక్క, నిద్రమొహంతోనే.

షావుకారు కోపమంతా అలావుద్దీన్ మీదికి మళ్లింది. "ఇదంతా నీ మొండితనం వల్లనే. కుప్పంలో నా కొట్టం ఉండాది. ఆడికి పో. ఆడ నీ సదువు ఎవురికీ తెలీదు, నీతో తగవూ లేదు. పోనంటే ఇంకో షావుకార్ని సూసుకో. లేదు, మనసు మార్చుకోని ఆ రెండూ సదువుతానంటే ఈడే ఉండు."

అలావుద్దీన్ ఇంటికి పోయి ఈ మాట చెప్పినప్పుడు భార్య ఫాతిమున్నీసా అరుగు మీద కూర్చుని బీడీలకు దారం కడుతోంది. ఆమె పుట్టిందీ పెరిగిందీ పుంగనూరులోనే. తల్లిదండ్రులు పక్క వీధిలో ఉన్నారు.

"ఆ రెండూ చదివి ఇక్కడే ఉండకూడదా?" అంది ఉర్దూలో.

"కొంత దాచిపెట్టి చదివేవాణ్ణి జనం కొంతే నమ్ముతారు. పైసాకు పనికిరాని గొంతవుతుంది నాది."

ఆమె చేతిలో కట్ట పూర్తి చేసి పక్కన పెట్టింది. "ఆ ఊళ్లో మనకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు."

"లేరు."

"అయితే ముందు నువ్వు పోయి ఇల్లు చూడు. నీళ్లు దగ్గరగా ఉండేది చూడు. వెనకాల పిల్లల్ని తీసుకుని నేనొస్తా." అని, ఆమె ఇంకో కట్టకు దారం తెంపింది.

కుప్పంలో సగం మంది తెలుగులో అరవం కలిపి, ఇంకొంత మంది కన్నడం కలిపి మాట్లాడేవాళ్లు. అక్కడి మేస్త్రీకి షావుకారు ముందే కబురు పంపాడు. గడప లోపల పేపరు విప్పకూడదు. అలావుద్దీన్ సరేనన్నాడు. గడప బయట సంగతి ఎవరూ చెప్పలేదు.

షావుకారు మరిచిపోయిన విషయం ఇంకొకటి ఉంది. కుప్పం మద్రాసు నుంచి బెంగుళూరికి పోయే రైలు దారిలో ఉంది. పుంగనూరులో మరునాటి సాయంత్రానికి అందే పేపరు ఇక్కడ తెల్లవారేసరికి దిగుతుంది. అలావుద్దీన్ కొట్టం తెరవకముందే స్టేషనుకు పోయి, ప్లాట్‌ఫారం చివర నేల మీద కూర్చుని గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. మొదటిరోజు వినడానికి ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. అయినా చివరిదాకా చదివే లేచాడు. మూడో పొద్దునో నాలుగో పొద్దునో, అదే కొట్టంలో పనిచేసే పాపమ్మ అటుగా వచ్చి నిలబడింది.

"ఏంది సాయిబూ, ఒంటిగా కూర్చోని ఎవురితో కొట్లాడతాండావు?"

"కొట్లాట కాదమ్మా, పేపరు. ఇంకా వింతల్లోనే ఉండాను. కూర్చో."

పాపమ్మ కూర్చుంది. మరునాడు చెల్లెలిని తెచ్చింది. ఆ తర్వాత గుడుపల్లె వైపు నుంచి పనికి నడిచి వచ్చేవాళ్లు పెందలాడే బయలుదేరసాగారు. ఆకు కత్తిరించే పని లేని చోట వరస ఎలా అని అలావుద్దీన్ ఆలోచించి, కొత్త ఏర్పాటు చేశాడు. ఇంజను బుసకొడుతూ నిలబడి ఉన్నంతసేపు వింతలు. బండి వెళ్లిపోయి స్టేషను నిశ్శబ్దం అయ్యాక శాస్త్రం. ఆపైన అందరూ లేచి కొట్టానికి నడుస్తుంటే దారిలో రాజకీయం. ఆ దారి ఏ షావుకారిదీ కాదు. నడుస్తూ, ఎదురొచ్చే ఎద్దులబండ్లను తప్పుకుంటూ ఒక్క పంక్తి తడబడకుండా చదివేవాడాయన. ఆ వేసవి అంతా స్వరాజ్యం గురించి ఢిల్లీలో జరిగిన మంతనాలు కుప్పం వీధిలో నడుస్తూనే విన్నారు జనం. వినీ వినీ గుడుపల్లె వాళ్లలో ఇద్దరు అక్షరాలు కూడా నేర్చుకున్నారు.

సెప్టెంబరులో ఒక పొద్దున, ఢిల్లీలో మనవాళ్లు మంత్రులుగా కూర్చున్నారన్న పేపరు దిగింది. అదే బండిలో మద్రాసు నుంచి గంగప్ప షావుకారు కూడా దిగాడు. కాసేపటికి బయటికి పోబోతూ ప్లాట్‌ఫారం చివర తన కొట్టం మనుషులంతా గుంపుగా కూర్చుని ఉండటం చూసి నిలబడిపోయాడు. నడుమ అలావుద్దీన్, ఎక్కడో ఒక పెళ్లికొడుకు గడ్డం గుర్రం మేసిన సంగతి చదువుతున్నాడు. షావుకారును చూసి నలుగురు లేవబోయారు. ఆయన వద్దన్నట్టు చేయి ఊపి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"కొత్త మంత్రులంట గదప్పా. పొగాకు సుంకం ఏమైనా మారస్తారంటనా? మద్రాసులో అందరూ అదే మాట."

"అది రాజకీయం షావుకారూ. వరసలో వస్తాది," అన్నాడు అలావుద్దీన్, పేపరు మీంచి తల ఎత్తకుండానే. "కూర్చోండి."

పాపమ్మ జరిగి చోటిచ్చింది. షావుకారు కాసేపు అటూ ఇటూ చూసి, కండువా పరిచి కూర్చున్నాడు. బండి కదిలిపోయింది. సూర్యుడి మీద కనిపించిన పెద్ద మచ్చల గురించి ఆయన ఓపిగ్గా విన్నాడు. ఒక చోట, అవి పంటలకేమైనా చేటా అని కూడా అడిగాడు. తర్వాత అందరితోపాటు లేచి, కొత్త మంత్రుల పేర్లు వింటూ వీధి వెంట నడిచాడు. ఎవరికి ఏ శాఖ వచ్చిందో పూర్తయ్యేసరికి కొట్టం గడప వచ్చింది. ఇంకో పేజీ మిగిలే ఉంది.

అలావుద్దీన్ ఆగి, రోజూ మడిచినట్టే పేపరు మడవబోయాడు. గుంపంతా ఆగింది. లోపల నిలబడిన మేస్త్రీ, ఏం చేయమంటారన్నట్టు షావుకారు ముఖంలోకి చూశాడు.

"నన్నేం సూస్తాండావు?" అన్నాడు గంగప్ప. "ఆయన్ని లోపలికి రానీ. సుంకం సంగతి ఇంకా రానే లేదు."