అడుగు మందం గ్లాసు

పలాసలో నాది జీడిపప్పు కొట్టు. పప్పు బేరమంతా నోటితోనే సాగిపోతుంది, చేతులకు పని ఉండదు. ఆ చేతుల కోసమని ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత లేత్ మిషను పెట్టుకున్నాను. కర్ర తిరుగుతుంటే ఉలి ఆనించి గిన్నెలూ బొంగరాలూ తీస్తాను. టెక్కలి వైపు రాయి పాలిష్ చేసే షెడ్ల వెనక పారేసిన నీలి గ్రానైటు ముక్కలు తెచ్చి అరగదీస్తాను. పారేసిన ముక్కకు కూడా ధర తగ్గించమన్నానని అక్కడి మేస్త్రి ఇప్పటికీ నవ్వుతాడు. "ఊరికే అట్టుకెల్లమన్నాను గదా బావూ, ఇంకేటి తగ్గించేది?" అన్నాడు. "అయితే ఆటో దాకా మోయించు" అన్నాను.

ఇన్నేళ్ళలో ఆ షెడ్డులోంచి బయటికొచ్చి ఎవరికైనా పనికొచ్చింది ఒక్కటే. మా అప్ప గ్లాసు.

అప్ప నా తోడబుట్టిన పెద్దది. అత్తవారిది ఉద్దానంలో కొబ్బరితోట. కిడ్నీలు పాడైన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పలాస వస్తుంది, తిరిగి వెళ్ళేముందు మా ఇంట్లో కాసేపు నడుం వాలుస్తుంది. నీళ్ళు కొలిచి తాగమని డాక్టరు గట్టిగా చెప్పారు. పూటకు సగం గ్లాసు. ఆ సగం గ్లాసును చూస్తేనే ఆమెకు ఏడుపొచ్చేది. మొహం కడుక్కుంటానని వెళ్ళి కుళాయి దగ్గర దొంగతనంగా తాగేది. ఒకసారి అలాగే తాగి, ఊపిరందక ఆస్పత్రిలో పడింది. మళ్ళీ ఇలా జరిగితే మా చేతుల్లో ఉండదన్నారు.

మా నాన్నది కిరాణా కొట్టు. నూనె కొలిచే డబ్బాకు అడుగు కాస్త పైకి నొక్కి ఉండేది. చూస్తే నిండుగా, పోస్తే తక్కువగా. జనం ఉసురు తగిలే విద్య. నాకు వేరే విద్య రాదు కాబట్టి దాన్నే వాడదామనుకున్నాను.

పనస కర్రతో గ్లాసు తీసి, లోపల సగం దాకానే తొలిచాను. నీళ్ళు పోసి ఎత్తితే తేలిగ్గా ఉంది, చేతికి మోసం తెలిసిపోతోంది. అందుకని అడుగున గాడి తీసి, గ్రానైటు బిళ్ళ అరగదీసి బిగించాను. మొదటి రెండు బిళ్ళలూ పగిలాయి. మూడోది కుదురుగా కూర్చుంది.

అప్ప వచ్చినప్పుడు ఆమె వాటా నీళ్ళు అందులో పోశాను. అంచుదాకా వచ్చాయి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అందుకుని, ఒకసారి ఎత్తి దించింది. తర్వాత వేలు లోపల ముంచింది. రెండో కణుపు దాటకుండానే అడుగు తగిలింది.

"ఓరి, ఇది నాన్న డబ్బా గదరా!"

"కొత్త మోడలప్పా. అడుగు మందంగా ఉంటే పడిపోదు."

"నా కాడేటి బేరం సెప్తావు? నువ్వు పుట్టకముందే నాను కొట్లో కూకున్నాను."

దొరికిపోయాను. లేచి కుళాయి వైపు వెళ్తుందేమోనని ఆమె కాళ్ళకేసే చూస్తున్నాను. ఆమె కదల్లేదు.

"ఎన్నాల్లు పట్టింది?"

"నెల."

"నెల్రోజులు కొట్టొదిలేసి కూకున్నావా? నట్టం గదరా."

"పెద్ద నష్టమే."

గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఒక్కో గుక్కనూ నోట్లో కాసేపు ఉంచుకుని, కళ్ళు మూసుకుని మింగింది. అయిపోయాక లోపలికి చూసింది. ఇంకా పొయ్యమని అడగలేదు. కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇంకోటి సెయ్యి" అంది. "మా ఈదిలో ఒకావిడ నాతోనే డయాలసిస్‌కి వత్తాది. అదీ దొంగతనంగా తాగేత్తంది."

"ఆవిడా కనిపెట్టేస్తే?"

"ఎలా కనిపెడతాది? ఆల్లు కొనుక్కున్నోల్లే గానీ, కొలిసినోల్లు కాదు. కొంచెం సన్నంగా తియ్యి. దాని సేతులు సిన్నవి."