సేద అంటే చెమట

మా వీధి చివర ఉండే తెలుగు మాస్టారు గత ఆదివారం, ఆరాధనకు సరిగ్గా గంట ముందు కన్నుమూశారు. ఎక్కడికైనా గంట ముందే చేరడం ఆయన అలవాటు. ఈ ప్రయాణంలోనూ క్రమశిక్షణ తప్పలేదు.

పుల్లలచెరువు దగ్గర మా పల్లె. పదో తరగతి దాకా నాకు తెలుగు చెప్పింది ఆయనే. గడియారాలు బాగుచేసేవాడిలా ప్రతి మాటనూ విప్పి చూసేవారు. మా చర్చిలో ఏటా వేసవిలో ఉజ్జీవ కూడికలు జరుగుతాయి. "ఉజ్జీవం అంటే ప్రాణాన్ని పైకి లేపడం. పెద్ద మాటరా, మైకులో బాగుంటది. అదే పనికి సేదదీర్చడం మన ఇంటి మాట," అనేవారు. స్వేదమంటే చెమట కదా, ఆ మాటే నోళ్లలో అరిగి సేద అయిందని, చెమట కాస్తా అలసటగా మారిందని ఆయన వాదన.

"పరీక్షలో వస్తదా సార్?" అన్నాను.

"వస్తే మాత్రం నువ్వు రాస్తావా ఏంది?" అన్నారు.

నేను డిగ్రీలో ఉండగా, ఒక మధ్యాహ్నపు కూడికలో, రేకుల పందిరి కింద, పాట మధ్యలో మా అమ్మ దబ్బున పడిపోయింది. మా కూడికల్లో అలా పడితే ఆత్మ దిగిందంటారు. ఎవరూ ముట్టుకోరు. "స్తోత్రం!" అంటూ పాట ఇంకా పెంచారు. పట్టభద్రుణ్ని కాబోతున్న నేను కూడా శ్రద్ధగా చప్పట్లు కొట్టాను.

మాస్టారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "ఆత్మ కాదయ్యా, ఎండ! పొద్దున్నుంచి ఉపాధి పనిలో మట్టి మోసింది. జరగండి!"

"మాస్టారూ, ఆత్మను ఆపకూడదు," అన్నారు పాస్టరుగారు.

"ఆత్మ రేపైనా వస్తది అయ్యగారూ. ఈమె పోతే రాదు."

అమ్మను బయట నీడలో పడుకోబెట్టించి, తన కండువా తడిపి ముఖం, మెడ, చేతులు తుడిచారు. చాలాసేపటికి అమ్మ కళ్లు తెరిచింది. "పాట అయిపోయిందా?"

"నీ పని అయిపోయేదమ్మా!" అని ఆయన నా వైపు తిరిగారు. "చప్పట్లు బాగా కొట్టినావురా."

ఇన్ని మార్కులు ఆయన నాకు ఎప్పుడూ వేయలేదు. మర్నాటి నుంచి పందిట్లో నీళ్ల డ్రమ్ము, పక్కన గ్లాసు కనిపించాయి.

మొన్న ఆయన్ను సమాధుల దొడ్డికి తీసుకెళ్లేసరికి ఎండ మండిపోతోంది. అమ్మకు గొడుగు పట్టబోయాను.

"మాస్టారుకు పట్టుపో నాయనా."

"ఆయనకెందుకమ్మా ఇప్పుడు?"

"పట్టమంటున్నానా!"

పట్టాను. మోసేవాళ్లతో అడుగు కలుపుతూ, పెట్టె మీద గొడుగుతో నేను. అందరికంటే ముందు, నెత్తిన కొంగైనా లేకుండా, గొంతెత్తి పాడుతూ అమ్మ.