అడ్డుకర్ర ముందు హవల్దారు గారు

మా పక్కింటి హవల్దారు గారు ఎన్నడూ నన్ను వీధిలోంచి కేకవేసి పిలవలేదు. చేతికర్రతో మా ఇనుప గేటును తట్టి, నేను వచ్చేదాకా బయటే నిలబడేవారు. భాద్రపదంలో ఒక ఉదయం, ముసురు పట్టి ఉండగా, ఆ చప్పుడు వినిపించింది. కాఫీకి వచ్చారనుకుని గిన్నెలో మరికాసిని నీళ్ళు పోసి వెళ్ళాను. గేటవతల కర్ర పట్టుకుని నిలబడింది ఆయన భార్య.

"ఎల్లిపోనాడమ్మా," అంది. "పొద్దున్న లేపితే లెగనేదు."

వంటింట్లోంచి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరమూ గేటుకు అటొకరమూ ఇటొకరమూ అలాగే నిలబడిపోయాము.

ఆయన్ని పాఠకులు ఎరిగి ఉండే అవకాశం లేదు. అరకులోయకు ఎగువన, ఘాట్ రోడ్డు మలుపులో ఉన్న ఒక చిన్న ఊళ్ళో పుట్టి, పట్టాళంలో చేరి, సరిహద్దులో మందుపాతర మీద అడుగుపడి, ఎడమకాలు మోకాలి కింద పోగొట్టుకుని తిరిగి వచ్చారు. పెట్టుడుకాలికి మరమ్మతు కావాలన్నా, పింఛను అందుకోవాలన్నా బస్సు సౌకర్యం ఉండాలి కనుక స్వగ్రామంలో కాకుండా అరకులో, మా పక్కనే ఇల్లు కట్టుకున్నారు. నేను ఇక్కడి కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మైదానంలోని బంధువులు ఎన్నిసార్లు రమ్మన్నా వెళ్ళకుండా, నా ఇంటి తాళంచెవి నా కొంగునే ఉంచుకున్నదాన్ని. మా ఇద్దరికీ పొసగడానికి కారణం బహుశా అదే. జాలిపడేవాళ్ళు ఇద్దరికీ గిట్టరు.

రోజూ పొద్దున్నే ఆయన తన అరుగు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పట్టేవారు. రెండింటికీ. కర్రకాలికి తొడిగే బూటుకు అంత మెరుపెందుకని ఒకసారి అడిగాను.

"అదీ డ్యూటీలోనే ఉన్నాదమ్మా. దానికి మాత్రం పరేడు లేదేటి?" అన్నారు.

కొండమీద చిన్నా పెద్దా అందరినీ 'నువ్వు' అనే పిలుస్తారు. ఆయన నన్నూ అలాగే పిలిచారు. ఆ పిలుపులో ఉన్న మర్యాద నాకు 'తమరు' అనేవాళ్ళ దగ్గర ఎప్పుడూ కనబడలేదు. ఒక వానాకాలం మెట్ల మీద జారి నా మణికట్టు విరిగింది. తెలిసినవాళ్ళంతా వచ్చి నా వంటగదిని తలా ఒక మూలా సర్దేసి, నా డబ్బాలు నాకే దొరక్కుండా చేసి వెళ్ళారు. ఆయన మాత్రం గేటు దగ్గర నిలబడి, "ఏటి సెయ్యాలో సెప్పు. సెప్పినంతే సేత్తాను. ఏటీ వద్దంటే ఎల్లిపోతాను," అన్నారు. నీళ్ళు తోడిపెట్టమన్నాను. తోడిపెట్టి వెళ్ళిపోయారు. "సాయం సేసీవోడు ముందు అడగాల" అన్నది ఆయన తరచూ చెప్పే మాట. ఆ మాట కోసం ఆయన ఒకసారి తన మోకాలినే పణంగా పెట్టడం నేను దగ్గరుండి చూశాను. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ప్రధానంగా దాని గురించే.

కార్గిల్ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. గాయపడి వచ్చిన సైనికుల కోసం విశాఖపట్నంలోని ఒక సేవాసంఘం వారు విరాళాల నడక తలపెట్టారు. కాఫీ తోటల దగ్గర బయలుదేరి ఘాట్ రోడ్డు వెంట అరకు దాకా. సంఘం కార్యదర్శి స్వయంగా వచ్చి హవల్దారు గారిని కలిశారు. ఉత్సాహం గల మనిషి, మంచివాడు కూడా. పూలతో అలంకరించిన జీపులో హవల్దారు గారు యూనిఫారంతో, పతకాలతో ముందు కూర్చుంటారనీ, వెనుక అందరూ నడుస్తారనీ ఆయన చెప్పారు. పక్కింటిదాన్ని కనుక నేనూ అక్కడ ఉన్నాను.

"నడక ఎవుల కోసం బాబూ?" అన్నారు హవల్దారు గారు.

"మీలాంటి వారి కోసమే కదండీ."

"మరి నన్ను కూకోబెట్టి మీరు నడుత్తారేటి?"

"మీకు కష్టమవుతుందని..."

"నన్నడిగినారేటి?"

కార్యదర్శి గారు నావైపు చూశారు. నేను కొండవైపు చూశాను.

ఆయన నడుస్తానని పట్టుబట్టడం వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ దానివల్ల ఏం ప్రమాదముందో తెలిసినవాళ్ళం ముగ్గురమే: ఆయన, ఆయన భార్య, నేను. అంతకు కొద్ది వారాల ముందే పెట్టుడుకాలు ఒరుసుకుని మొండి చివర పుండు పడితే, ఆస్పత్రికి ముగ్గురమూ కలిసి వెళ్ళాము. పుండు పైకి మానింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉందనీ, మళ్ళీ రేగితే మాత్రం మోకాలు దక్కించలేననీ, పైదాకా తీసేయవలసి వస్తుందనీ వైద్యుడు స్పష్టంగా చెప్పాడు.

కార్యదర్శి వెళ్ళీవెళ్ళగానే ఆ ఇల్లాలు నా మీద విరుచుకుపడింది.

"నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పవేటమ్మా? మోకాలుంటే గట్టెక్కుతాడు, మెట్టెక్కుతాడు. అదీ పోతే మంచం మీంచి నానే ఎత్తాల, నానే దించాల. ఇదేటి పంతం?"

అందుకు హవల్దారు గారు చెప్పిన సంగతి అప్పటిదాకా ఆ ఇల్లాలికీ పూర్తిగా తెలియదని ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది.

మా కొండల్లో చైత్రమాసంలో ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్ళు వేటకు అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు ఊరిముందు దారికి అడ్డంగా పొడవాటి కర్ర కట్టి, వచ్చేపోయే వారినందరినీ ఆపుతారు. ఏదైనా ఇచ్చుకోవాలి, లేదా వాళ్ళతో చేయి కలిపి ధింసా ఆడాలి. అధికారి జీపుకైనా, కట్టెలు మోసేవాడికైనా ఒకటే న్యాయం. వేటనుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడికైతే ఎకసెక్కాలతో పాటు పేడనీళ్ళ స్నానం కూడా ఉంటుంది. అది పడనివాడు ఆ ఊరి మగవాడే కాడు.

"కాలు తెగినప్పుడు నాను ఏడవనేదు టీచరమ్మా," అన్నారాయన. "కట్టు ఇప్పి సూపించినప్పుడూ ఏడవనేదు. ఆ సైత్రం ఊరికెల్లినాను. మా వదిన నన్ను సూసి కర్ర ఎత్తీసింది. పేడనీళ్ళ కుండ ఎనక్కి దాసీసింది. 'పాపం, ఆడిని ఎల్లనియ్యండే' అన్నాది. అప్పుడేడిసినాను. మరింక సైత్రంలో ఊరికెల్లడం మానీసినాను."

ఆ నడక వెళ్ళేది వాళ్ళ ఊరి ముందునుంచే. వెళ్ళేది చైత్రంలోనే.

"జీపులో ఎల్తే మళ్ళీ ఎత్తీత్తారు. వేటకెల్లినోడు నడిసే వత్తాడు. నడిసి వచ్చినోడిని ఆపుతారు."

"ఆపకపోతే?" అన్నాను.

ఆయన బూటు అందుకుని పాలిష్ పట్టసాగారు. నేనిక ఆయన్ని వారించలేదు. నా మీద జాలిపడకండని నా జీవితమంతా ఇతరులకు నేను చెప్పుకొచ్చిన మాటే మరొకరి నోట వింటూ, దాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు.

నడకరోజు యూనిఫారంతో, పతకాలతో బయలుదేరిన ఆయన పక్కనే నడిచాను. మొదట్లో జనం పాటలు పాడారు, నినాదాలు చేశారు. ఆయన అడుగు సమంగానే పడుతోంది. కాఫీ తోటలు దాటి ఎండ పైకొచ్చేసరికి ఆ అడుగు చప్పుడు మారింది. కర్రకాలు దిగేటప్పుడు చిన్నగా ఈడ్చిన శబ్దం. నేను ఇక మాటలు మాని ఆ శబ్దాన్నే వింటూ నడిచాను. ఒక కల్వర్టు గోడమీద కూర్చున్నప్పుడు కాసేపు కాలు తీసి గాలి తగలనివ్వమన్నాను.

"తీత్తే వాచిపోతాది. మళ్ళీ ఎక్కదు," అన్నారు. మేజోడు అంచున ఒక ఎర్రని చెమ్మ కనబడింది. నేను చూశానని ఆయన చూశారు. ప్యాంటు అంచు కిందికి లాక్కుని లేచారు.

వెనుక జీపులోంచి కార్యదర్శి గారు మైకులో, "హవల్దారు గారూ, మీ పట్టుదలకు జోహార్లు, ఇక దయచేసి జీపు ఎక్కండి," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆయన భుజాలు బిగుసుకోవడం పక్కనుంచి నాకు తెలిసింది. మందుపాతర మీద కాలు పెట్టిననాడైనా ఆయన అంత భయపడి ఉంటారనుకోను. నొప్పికి కాదు ఆ భయం. మలుపుకు అవతల ఏం జరుగుతుందోనని.

అంతలో జీపు మమ్మల్ని దాటి ముందుకు దూసుకుపోయింది. ఎందుకో నాకు వెంటనే తోచలేదు. మలుపు తిరిగాక తోచింది.

కర్ర పైకెత్తి ఉంది.

దారికిరువైపులా ఆడవాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. జీపు దిగి నిలుచున్న కార్యదర్శి గారు తృప్తిగా చేయి ఊపారు. "నేను చెప్పానండీ వీళ్ళకి, కాలు లేనాయన వస్తున్నారు, ఆపొద్దని. మీరు ఆగక్కర్లేదు, తిన్నగా వచ్చేయండి."

హవల్దారు గారు ఆగిపోయారు. ఎత్తిన కర్ర ముందు అటెన్షన్‌లో నిలబడ్డట్టు నిలబడ్డారు. కర్ర కింద నుంచి నడిచిపోవడానికి ఆయన కాలు కదలలేదు. వెనక్కు తిరగడానికి మోకాలు మిగలలేదు. వెనుకనున్న జనం గుసగుసలాడారు. ఎవరో మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టబోతే నేను వెనుదిరిగి చూశాను. తరగతిలో చూసే చూపు అది. చేతులు దిగిపోయాయి.

"ఎల్లు నాయనా," అంది అటునుంచి ఆయన వదిన, మెల్లగా. ఆ మెత్తదనమే ఆయనకు తగలకూడనిది.

అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి ఆయన భార్య ముందుకు వచ్చింది. మొదటి బస్సుకే వచ్చి పొద్దుటినుంచీ అక్కడే ఎదురుచూస్తోందట. ప్యాంటు అంచున తడిని ఒక్కసారి చూసింది. కార్యదర్శిని పక్కకు తోసి, కర్ర చివర పట్టుకుని కిందికి ఈడ్చింది. అది దారికడ్డంగా దబ్బున పడింది.

"మోకాలు ఒగ్గేసి వచ్చినాడు, ఊరికే పొమ్మంటారేటి?" అని అరిచింది. "ఆపండే! ఏటి తెచ్చినాడో అడగండి!"

వదిన ఒక క్షణం ఆమెను చూసింది, ఒక క్షణం ఆయన్ని చూసింది. కొంగు నడుముకు దోపి, కుండ అందుకుంది.

"ఏటిరా గుంటడా," అంది, యాభై దాటిన హవల్దారుని. "అన్నేళ్ళు వేటకు పోనావు. తుపాకీ అట్టుకు పోనావు. కుందేలైనా తెచ్చినావా? ఒట్టి సేతులేనా?"

కుండెడు పేడనీళ్ళూ ఆయన తలమీదుగా, పతకాల మీదుగా, మెరుస్తున్న రెండు బూట్ల మీదుగా కారాయి. కార్యదర్శి గారు "అయ్యయ్యో, ఏమిటిది!" అంటూ పరుగున వచ్చారు. హవల్దారు గారు కళ్ళు తుడుచుకుని, ఆయన చేయి ఒడిసిపట్టి ముందుకు నెట్టారు.

"ఒట్టి సేతులేటి వదినా? ఇదిగో, ఇంత లావు జంతువుని పట్టుకొచ్చినాను!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. కార్యదర్శి గారిని చెరో చేయీ పట్టి వరసలోకి లాక్కుపోయారు. డప్పు మోగింది. పాపం, ఆ పెద్దమనిషి ధింసా బాగానే ఆడారు. అడుగు తప్పినప్పుడల్లా వదిన "బేగి, బేగి!" అని గదమాయించింది.

హవల్దారు గారి నడక అక్కడితో ముగిసింది. "నాను నడవాల్సింది ఇక్కడిదాకే," అని దారిపక్కన చతికిలబడ్డారు. అరకు దాకా మిగిలినవాళ్ళం నడిచాము. బయలుదేరే ముందు ఆయన భార్య పెట్టుడుకాలు విప్పితే మొండి చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను. ఆ వానాకాలమంతా ఆయన మంచం దిగలేదు. వైద్యుడు తిట్టాడు, ఆ ఇల్లాలు తిట్టింది, వంతు వచ్చినప్పుడల్లా నేనూ తిట్టాను. మోకాలు దక్కింది. కానీ ఆ కాలితో అంతదూరం ఆయన మళ్ళీ నడవలేదు. ఊరికి మాత్రం ప్రతి చైత్రమూ వెళ్ళారు, బస్సులో వెళ్ళి మలుపుకు ఇవతల దిగి. తిరిగొచ్చిన రోజు తడిసిన యూనిఫారం మా ఇళ్ళ మధ్య తీగమీద ఆరేసేవారు. ఎవరూ అడగకపోయినా, "ఈ ఏడు కూడా ఏటీ దొరకనేదమ్మా," అని నాకు చెప్పేవారు. ఆ గొంతులోని సంతోషాన్ని ఏ పతకం గురించి చెప్పేటప్పుడూ నేను వినలేదు.

మొన్న ఆయన్ని స్వగ్రామానికే తీసుకువెళ్ళాము. మలుపు దాకా వ్యాను, అక్కడినుంచి భుజాల మీద. ముసురు ఇంకా వదలలేదు. ఆయన భార్య చేతికర్ర పట్టుకుని నా పక్కన నడిచింది.

మలుపు తిరిగాక ముందున్నవాళ్ళు ఆగారు. చైత్రం కాదు, పండుగ కాదు, శవాన్ని ఆపే ఆచారమేదీ ఎక్కడా లేదని తరువాత ఊరివాళ్ళే చెప్పారు. అయినా దారికి అడ్డంగా కర్ర ఉంది. దాని అవతల ఆయన వదిన, నడుము వంగిపోయి, ఒంటరిగా నిలబడి ఉంది.

"ఏటి తెచ్చినావురా గుంటడా?" అంది.

మోసేవాళ్ళు తొందరపెట్టలేదు, భుజాలు కూడా మార్చుకోలేదు. కర్ర మీద ఆమె చేయి, ఆ చేతిమీద వాన. ఆమె ఎంతసేపటికీ ఎత్తలేదు.